వీపు మీద చెవి

కిందటి వారం మనం ఉమాశ్రీని మంచం మీద చెమటలు కక్కుతూ కూర్చోబెట్టి, మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆవిడ అలాగే కూర్చుందనుకోకండి. అక్కడ గడిచింది ఒక్క రాత్రే. ఈ వారమే కొత్తగా పుస్తకం చేతిలోకి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

కొవ్వూరు ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పే ఉమాశ్రీ టీచర్‌కి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు చేసింది. పోయినేడు వైశాఖంలో చెన్నైలో ఆపరేషన్ చేసి, ఆ రెండూ తీసేసి, చనిపోయిన ఎవరో కుర్రాడివి పెట్టారు. ఎవరివో చెప్పలేదు, చెప్పకూడదట. సెలవులో ఇంట్లోనే ఉంటున్నా, ఏడాది పైగా అంతా సవ్యంగానే నడిచింది. పొద్దున్నే చేతిలో ఇమిడే చిన్న మిషన్‌లోకి గట్టిగా ఊదడం, అది చూపించిన అంకె నోట్‌బుక్‌లో రాసుకోవడం, గుప్పెడు మాత్రలు మింగడం. కానీ మూడు వారాలుగా ఆ అంకె దిగిపోతోంది. రెండు పాయింట్ ఒకటి ఉండేది కాస్తా ఒకటి పాయింట్ ఏడుకి వచ్చింది. రక్తం తీసి చెన్నై పంపించారు, రిపోర్టు ఇంకా రాలేదు.

ఇది అందరికీ చెప్పుకోగలిగిన భయం. చెప్పుకోలేనిది ఇంకోటుంది. మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడల్లా ఆవిడ వీపు లోపలి నుంచి ఎవరో మాట్లాడుతున్నారు. ఇన్నాళ్ళూ గొణుగుడే. నిన్న మాత్రం మాట మాటగా వినిపించింది.

"ఒరే అచ్చీ... అలిగావేంట్రా?"

అదండీ సంగతి.

రాత్రి విశ్వనాథ్ అన్నం కలుపుకుంటుంటే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మొగుడు మంచివాడే. రాజమండ్రి కాలేజీలో లెక్కలు చెబుతాడు, ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి వంట కూడా తనే చేస్తున్నాడు. కానీ ఈ మాట చెబితే ముందు చెన్నైకి ఫోన్ చేస్తాడు. ఆ మాత్రలకి కొందరికి మనసు చెదురుతుందని డాక్టరు మొదట్లోనే హెచ్చరించాడు. పిచ్చిదని ముద్ర వేయించుకోవడం ఉమాశ్రీకి ఇష్టం లేదు. అచ్చి అనే పేరు తమ రెండిళ్ళలోనూ ఎవరికీ లేదు. స్కూల్లోనూ లేదు. లేని పేరుని తన బుర్ర ఎక్కడినుంచి తెచ్చింది? తెల్లవార్లూ అదే ఆలోచన. సైన్సు టీచర్ కదా, తెల్లారేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. భయపడటం కాదు, ముందు చూడాలి.

విశ్వనాథ్ పదింటికి బండేసుకుని వంతెన దాటి వెళ్ళిపోయాడు. ఉమాశ్రీ పన్నెండింటికి భోంచేసి, ఆయన గడ్డం గీసుకునే అద్దం తెచ్చి కిటికీ గట్టు మీద, మందుల డబ్బాకి ఆనించి పెట్టింది. కిటికీ వైపు తిరిగి ఎడమ పక్కకి పడుకుంటే వెనకాల గది సగం, గుమ్మానికున్న కర్టెన్ పూర్తిగా కనిపిస్తున్నాయి. దుప్పటి భుజం దాకా లాక్కుని, కళ్ళు సన్నగా తెరిచి ఉంచుకుంది.

మహాలయ పక్షాలు. కిటికీలోంచి చూస్తే గోదావరి గోష్పాదం రేవులో పితృదేవతలకి తర్పణాలు వదిలేవాళ్ళు నడుం లోతు ఎర్రనీళ్ళలో నిలబడి ఉన్నారు. గట్టు పొడుగునా కాకులు. రెండు గంటలకి కరెంటు పోయింది. ఫ్యాన్ నెమ్మదిగా ఆగాక ఇంట్లో చప్పుడన్నది లేకుండా పోయింది. వంటింట్లో తలుపులమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఉమాశ్రీ గమనించలేదు.

తలుపులమ్మంటే పనిమనిషి. ఆషాఢంలో వచ్చి కుదిరింది. ఉప్పాడ అవతల సముద్రం ఒడ్డు ఊరు, నా అన్నవాళ్ళు లేరంది. యాభై దాటుతుంది. మనిషి మాట్లాడేది తక్కువ, చేసేది ఎక్కువ. నీళ్ళు మరగబెట్టడం, ఫినాయిల్‌తో గచ్చు తుడవడం, ధనియాల కషాయం కాచి వేడివేడిగా చేతికివ్వడం, అన్నీ డాక్టరు చెప్పినదానికంటే ఒక పిసరు ఎక్కువే చేసేది. ఇంత మంచి మనిషి దొరకడం మన అదృష్టమని విశ్వనాథ్ వారానికి రెండుసార్లన్నా అనేవాడు.

అద్దంలో కర్టెన్ కదిలింది.

నిలబడ్డ మనిషి ఎత్తులో ఎవరూ కనబడలేదు. గాలికి కదిలిందేమో అనుకుంటుండగా కింద, గచ్చు మీద, చెయ్యి కనిపించింది. తర్వాత తల కనిపించింది. తలుపులమ్మ కుచ్చెళ్ళు నడుములో దోపుకుని, మోకాళ్ళ మీదా అరచేతుల మీదా పాకుతూ వస్తోంది. కళ్ళు మూసుకునే వస్తోంది. స్టూలు ఎక్కడుందో, చెప్పులు ఎక్కడున్నాయో తెలిసినట్టు వాటిని తప్పించుకుని మరీ వస్తోంది. మంచం కోడు దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత అద్దంలోంచి తప్పుకుంది.

ఉమాశ్రీ వీపు మీద చల్లగా, తడిగా ఏదో ఆనింది. చెవి.

ఒళ్ళంతా కొయ్యబారిపోయింది. తనకి తెలియకుండానే ఊపిరి బిగబట్టేసింది. వెనకాల ఉన్న ఊపిరి కూడా ఆగిపోయింది. ఇద్దరూ అలా ఎంతసేపున్నారో కానీ, ఉమాశ్రీ ఆగలేక గాలి వదిలింది. అదే క్షణానికి వెనకాల మనిషీ వదిలింది.

"ఎందుకాపావురా?" అంది తలుపులమ్మ, వీపుకి నోరు ఆనించి, చంటిపిల్లలతో మాట్లాడేటట్టు. "ఊపిరి తీసుకో నాన్నా. అమ్మనే. ఎవురూ లేరు."

వీపు లోపలి గొంతు ఎవరిదో ఉమాశ్రీకి అర్థమైపోయింది. బయట ఆనించి మాట్లాడిన మాట ఎముకల్లోంచి పాకి చెవికి లోపలి నుంచే తగిలింది ఇన్నాళ్ళూ. భయం సగం తగ్గాలి కదా? తగ్గలేదు. నిజానికి పెరిగింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు తలుపులమ్మా?"

దొంగతనం చేస్తూ దొరికిపోయినవాళ్ళు ఎగిరిపడతారు. తలుపులమ్మ ఎగిరిపడలేదు. చెవి కూడా తియ్యలేదు.

"ష్. కూంత సేపు ఉండండమ్మా. ఇప్పుడే దారిలో పడ్డాడు."

ఉమాశ్రీ ఒక్క విసురుతో లేచి కూర్చుంది. ఆ విసురుకే దగ్గు తెర కమ్ముకొచ్చింది. దగ్గుతూనే గోడకి జరిగి, దిండు గుండెలకి అడ్డం పెట్టుకుంది. తలుపులమ్మ కళ్ళు తెరిచింది. చూసేది ఉమాశ్రీ మొహంలోకి కాదు, దిండుకేసి.

"ఎవరే నువ్వు?"

"అచ్చిబాబు అమ్మనండి," అంది, ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి చెబుతున్నంత తేలిగ్గా. "ఆ లోపలున్నాడు కదండీ, ఆడి అమ్మని."

గోష్పాదం రేవు నుంచి మంత్రం చెబుతున్న పంతులుగారి గొంతు ఆగి ఆగి వినిపిస్తోంది. గదిలో ఇద్దరాడవాళ్ళూ ఒకరి ఊపిరి ఒకరికి వినబడేంత దగ్గరగా కూర్చున్నారు. తలుపులమ్మ గచ్చు మీదే బాసింపట్టు వేసుకుని చెప్పుకొచ్చింది. ఏడవకుండానే చెప్పింది.

"మద్రాసు హార్బర్లో బోటు పనికెల్లాడండి మావోడు. ఇరవై నాలుగేళ్ళు. ఐసు దిమ్మలు దింపుతుంటే లారీ మీంచి జారి తల పగిలింది. నేనెల్లేసరికి మంచం మీద తొంగున్నాడు. సచ్చిపోయాడంటారు డాక్టర్లు. గుండెల మీద చెయ్యేసి సూత్తే ఎగిరెగిరి పడతంది. ఇదేం సావండీ? రెండ్రోజులు సెప్పారు, ఇంక లేడని. ఆడి పేనం ఇంకో ఐదుగురికి పోత్తారంట, ఏలిముద్ర ఎయ్యమన్నారు. ఏశాను. ఎవురికి పెట్టారో సెప్పలేదు. ఆ ఆసుపత్రిలో ఆయా ఉందండీ, మన తుని ఊరోళ్ళ పిల్ల, ఆ పిల్ల జాలిపడి సెప్పింది. ఊపిరి కొవ్వూరు పంతులమ్మకి ఎల్లిందని."

"అందుకని మా ఇంట్లో దూరావా?"

"ఒక్కపాలి ఇని ఎల్లిపోదామనే వచ్చానమ్మా. మీ తోడు. మొదటిరోజు మీరు తొంగున్నప్పుడు ఇన్నాను. ఆడే. ఆడు నిద్దరోతే ఎలాగుంటదో నాకు తెలీదా? ఇంకెక్కడికి ఎల్తానండీ?"

చెప్పొద్దూ, ఉమాశ్రీకి ముందు వచ్చింది జాలి కాదు, ఒళ్ళుమంట. మూడు నెలలు! తను నిద్రపోతుంటే రోజూ వీపెక్కి, తనని మనిషిగా కూడా లెక్కచెయ్యకుండా, పెట్టెలో దాచుకున్న వస్తువుని చూసుకున్నట్టు చూసుకుపోయింది. తనకి పిచ్చేమోనని తను రాత్రుళ్ళు ఏడ్చింది. తిట్టడానికి నోరు తెరిచింది కూడా.

"ఊళ్ళో అందరూ అడుగుతున్నారండి," అంది తలుపులమ్మ కిటికీలోంచి రేవుకేసి చూస్తూ. "ఏడాది దాటిపోయింది, కొడుక్కి పిండం పెట్టలేదేంటని. సగం బతికున్నోడికి పిండం ఎట్టా పెడతారమ్మా? మీరు సదువుకున్నోరు, మీరు సెప్పండి."

గుండెలకి అడ్డం పెట్టుకున్న దిండు ఎప్పుడు ఒళ్ళోకి జారిందో ఆవిడకే తెలియదు.

సెల్‌ఫోన్ మోగింది. చెన్నై నంబరు.

"ఉమాశ్రీ గారూ, నేను జానకిరామ్‌ని అమ్మా," అన్నాడు డాక్టరు. ఎప్పుడూ ముందు రెండు కబుర్లు చెప్పే మనిషి, ఇవాళ సూటిగా విషయంలోకి వచ్చేశాడు. "రిపోర్టు వచ్చింది. పెట్టిన ఊపిరితిత్తుల మీదకి మీ రక్తంలో యాంటీబాడీలు తయారయ్యాయి. బాగా ఉన్నాయి. మీ ఒళ్ళు వాటిని పరాయివని పట్టేసింది. సాయంత్రం బండికి బయల్దేరిపోండి, రేపు పొద్దున్నే బెడ్ రెడీగా ఉంచుతాను."

"చేయిదాటిపోయిందా అండీ?"

"లేదు. ఇంకా దాటలేదు. మూడు రోజులు స్టెరాయిడ్ ఎక్కిస్తాం, ఆ తర్వాత రక్తాన్ని మిషన్‌లోంచి పోనిచ్చి వాటిని వడకట్టి తీసేస్తాం. నాకు అర్థం కానిది ఒక్కటే. మీ మందులు రక్తంలో ఎంత ఉండాలో అంతే ఉన్నాయి. ఒక్క పూట కూడా మానలేదు మీరు. మరి ఒళ్ళెందుకు ఇంతలా తిరగబడింది? ఇంకేమైనా తీసుకుంటున్నారా? ఆకు పసర్లు, బలానికని టానిక్కులు, ఎవరో చెప్పిన చూర్ణాలు..."

"ఏమీ లేదండీ. మీకు తెలియకుండా మంచినీళ్ళు కూడా తాగను."

"బాగా గుర్తుచేసుకోండమ్మా. ఆ కారణం ఏంటో దొరక్కపోతే మేం ఎన్నిసార్లు కడిగినా మళ్ళీ తయారవుతాయి. ఈ ఊపిరితిత్తులు పోతే ఇంకో జత దొరుకుతుందని నేను మాట ఇవ్వలేను."

ఉమాశ్రీ ఫోన్ పెట్టేసింది. నలభై మూడేళ్ళు ఆవిడకి. మళ్ళీ ఆ ఆక్సిజన్ సిలిండర్లు, నాలుగడుగులు వేస్తే నీలంగా తిరిగిపోయే గోళ్ళు, నిలబడి ఒక పాఠం చెప్పలేని బతుకు కళ్ళముందు కదిలాయి. ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా ఊపిరి చాల్లేదు.

"ఏమంటారమ్మా?" అంది తలుపులమ్మ.

"నీ కొడుకు ఊపిరితిత్తుల్ని నా ఒళ్ళు పాడుచేసేస్తోందట. చెన్నై రమ్మంటున్నారు."

తలుపులమ్మ తల పంకించింది. కంగారు పడలేదు.

"నాకు తెలుసండి. మీ మిసనుకంటే ముందు నాకే తెలిసింది. ఇదివరకు ఇసక మీదకొచ్చి మెల్లిగా ఎనక్కెల్లే అలలాగ ఉండేది ఆడి ఊపిరి. ఇనాయకసవితి ఎల్లాక మారిపోయింది. ఎండుటాకుల మీద ఎవురో నడుత్తున్నట్టు సరసరమంటంది. అందుకేగా ఆ రోజునుంచీ రెండు పూటలా పోత్తన్నాను."

"ఏం పోస్తున్నావు?"

"కసాయం."

"ధనియాల కషాయం రెండు పూటలా తాగితే ఏమవుతుంది, ఏమీ కాదు," అంటూనే ఉమాశ్రీ ఆగిపోయింది. ఆ కషాయం చేదుగా ఉండేది. బాగా చేదు. మింగే మాత్రలకి నోరెప్పుడూ చేదుగానే ఉంటుంది కాబట్టి, ఆ చేదూ వాటిదే అనుకుంది. "తలుపులమ్మా, అందులో ధనియాలు కాక ఏం వేస్తున్నావు?"

తలుపులమ్మ మొహం మొదటిసారి వెలిగింది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు కానీ, దాచాలని దాచింది కాదు. "రండి, సూపిత్తాను," అని ఉమాశ్రీ రెక్క పట్టుకుని పెరట్లోకి నడిపించుకెళ్ళింది.

పెరటి ప్రహరీ మూల వేపచెట్టు ఉంది. దానికి అల్లుకుని, తమలపాకంత ఆకులతో దట్టంగా తీగ. కిందినుంచి జానెడు జానెడు ముక్కలు కోసుకెళ్ళిన గుర్తులు, బొటనవేలంత లావు కాండాలు. రోట్లో నలగ్గొట్టిన పచ్చటి పిప్పి ఇంకా తడారలేదు. ఉమాశ్రీ ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. కోసినచోట సైకిలు చక్రంలో పుల్లల్లా గీతలు. ఎనిమిదో తరగతి పిల్లలకి ఆవిడే ఎన్నోసార్లు పట్టుకెళ్ళి చూపించింది.

తిప్పతీగ.

"గున్యా జరాలొచ్చాయి గుర్తుందాండీ, మూడేళ్ళ కితం? మా ఊరు ఊరంతా మంచాలెక్కేసింది. కాళ్ళూ కీళ్ళూ పట్టేసి ముసలోళ్ళలాగ పాకారు కుర్రోళ్ళు. మావోడు ఒక్కడే నిలబడ్డాడు. ఎందుకనుకున్నారు? రోజూ ఈ తీగ దంచి పోశాను. మీరొకనాడు అయ్యగారితో అంటుంటే ఇన్నాను, నాకు జబ్బుని తట్టుకునే శక్తి లేదు, డాక్టర్లే తగ్గించేశారని. నాకు ఒళ్ళు మండిపోయింది. మందుల పేరుసెప్పి మనిషి బలం తీసేత్తారా? నా కొడుకు ఉన్న ఇంట్లో బలం లేకపోతే ఎట్టా? ఆడికి అలవాటైన మందే కదా అని పోశాను."

ఉమాశ్రీ చేతిలోని ముక్కని దూరంగా విసిరేసింది. రోటి పక్కనున్న పీట మీద కూలబడింది. ఆ జ్వరాలప్పుడు స్కూలు పిల్లలందరికీ ఈ తీగ పంచిపెట్టింది తనే. ఒంట్లో రోగనిరోధక శక్తిని లేపుతుందమ్మా అని మైకులో చెప్పింది తనే. తను చెప్పిన పాఠమే తన గ్లాసులోకి వచ్చి చేరింది. పైగా ఊపిరి తేడా చేసిన రోజునుంచీ రెండు పూటలా.

చెప్పకుండా ఊరుకోవచ్చు. సాయంత్రం బండెక్కి, దారిలో డాక్టరుకి చెప్పి, ఈ మనిషిని ఏదో వంకన పంపించేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ కారణం తెలియకపోతే ఈవిడ చెన్నై దాకా అయినా ఒక సీసా పట్టుకొచ్చేస్తుంది. చెప్పాలి.

"ఇలా కూర్చో. నేను చెప్పేది మధ్యలో అడ్డురాకుండా విను," అంది ఉమాశ్రీ. క్లాసులో వాడే గొంతే అది. "ప్రతి మనిషి ఒంట్లోనూ కాపలావాళ్ళుంటారు. జ్వరం తెచ్చే పురుగు రాగానే పట్టుకుని కొట్టి చంపేస్తారు. వాళ్ళకి మంచీ చెడూ తెలియదు, మనవాడా పరాయివాడా అన్నదొక్కటే తెలుస్తుంది. నీ కొడుకు నీకు కొడుకు. నా ఒంట్లో ఉన్న కాపలావాళ్ళకి మాత్రం పరాయివాడు. వాణ్ణి కొట్టకుండా ఉండాలంటే వాళ్ళు మత్తులో ఉండాలి. నేను గుప్పెడు మాత్రలు మింగేది అందుకే. వాళ్ళకి మత్తుమందు."

"మరి ఈ తీగ?"

"వాళ్ళని లేపుతుంది."

తలుపులమ్మ రోట్లో పిప్పిని చూసింది. వేపచెట్టు మీద కాకి అరిస్తే ఉలిక్కిపడింది. గదిలో వీపుకి చెవి ఆనించి దొరికిపోయినప్పుడు కూడా ఉలికిపడని మనిషి.

"అయితే ఆడు సరసరలాడతన్నది..."

"ఆ దెబ్బలకే."

"నేనే లేపానా అమ్మా? రోజూ నేనే లేపి మీదకి తోలానా?" అని రెండు చేతులతో నోరు మూసుకుంది. చేతుల్లోంచే ఏడుపు తన్నుకొచ్చింది. ఏడాదిన్నర నుంచి రాని ఏడుపు అది. "లోపల కొడుతుంటే ఆడు మూలుగుతున్నాడు. నేను ఇని, ఆకలేత్తందేమో అని ఇంకో గళాసుడు పోశాను. అయ్యో నాయనోయ్. అయ్యో నా తండ్రీ."

ఉమాశ్రీ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. కాసేపటి కిందట ఆ ఒళ్ళు తగిలితేనే కంపరమెత్తింది. ఇప్పుడు ఆ భుజం అదురుతుంటే చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. "నువ్వు కావాలని చేశావా ఏంటి? డాక్టరుగారు ఇంకా చేయిదాటలేదన్నారు. కారణం కూడా దొరికింది. ఇవాళ్టితో ఆపేస్తే వాళ్ళు కడిగి బాగుచేస్తారు. నీ కొడుకు నా దగ్గర ఉంటాడు. నేను చూసుకుంటాను," అంది. ఆ మాట తన నోట్లోంచి వస్తుందని ఆవిడ అనుకోలేదు.

తలుపులమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. ఎక్కిళ్ళు నెమ్మదించాయి. తర్వాత ఉన్నట్టుండి మనిషి కదలకుండా అయిపోయింది. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కళ్ళు నేల మీద నిలిచిపోయాయి.

"అమ్మగారూ, జంగారెడ్డిగూడెంలో యెహెజ్కేలు మాస్టారని ఉండేవారండి."

"ఎవరాయన?"

"మావోడి కిడ్నీ ఒకటి ఆయనకి పెట్టారు, అదీ ఆ ఆయా పిల్లే సెప్పింది. మీకంటే ముందు ఆళ్ళింట్లో ఐదు నెల్లు పని చేశాను. కిడ్నీ ఇనపడదు కదండీ, అందుకే ఊరికే ఆయన్ని సూత్తా కూకునేదాన్ని. దేవుడులాంటి మనిషి. నాకు పేరు రాయడం నేర్పారు. ఆయనకీ రోజూ పోశానండి." మాట్లాడేకొద్దీ గొంతు సన్నగా అయిపోయింది. "శివరాత్రి ఎల్లిన వారానికి కాళ్ళూ మొహం ఉబ్బిపోయాయి. ఒంటికి పడలేదు, కిడ్నీ ఒప్పుకోలేదన్నారు. పోయారు. ఆయన్ని పూడ్సిపెడుతుంటే నేనక్కడే ఉన్నాను." ఉమాశ్రీ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "ఆయన్ని కూడా నేనేనా అమ్మా?"

మీరైతే ఏం చెబుతారో నాకు తెలియదు. ఉమాశ్రీకి నిజమేంటో క్షణంలో తెలిసిపోయింది. కిడ్నీ అయినా ఊపిరితిత్తి అయినా ఒంటికి పరాయిదే, కొట్టే కాపలావాళ్ళు వాళ్ళే. కానీ ఎదురుగా ఉన్న ఆ మొహం చూసింది. కన్నకొడుకుని కొట్టించానన్న మాట ఇప్పుడే మింగిన మనిషి. దాని వెనకే మనిషిని చంపానన్న మాట కూడా మింగమంటే ఈవిడ ఇవాళ రాత్రికి ఎక్కడ తేలుతుందోనని భయం వేసింది. ప్రహరీ అవతలే గోదావరి, నిండుగా ఉంది.

"కాదు తలుపులమ్మా," అంది. "అది వేరు. నాకు పెట్టింది ఊపిరితిత్తులు కాబట్టి ఇలా అయింది. కిడ్నీకీ ఈ తీగకీ ఏ సంబంధమూ లేదు. ఆయన సంగతి ఆయన జబ్బు, అంతే."

ఇరవై ఏళ్ళ సర్వీసులో ఉమాశ్రీ టీచర్ సైన్సు తప్పు చెప్పడం అదే మొదటిసారి.

తలుపులమ్మ ఆ చేతిని కళ్ళకి అద్దుకుంది. గుండెల నిండా గాలి పీల్చి వదిలింది. "బతికించారమ్మా. సగం పేనం లేచొచ్చింది. హమ్మయ్య. అయితే ఆ పిల్లకి ఆపక్కర్లేదన్నమాట."

ఉమాశ్రీకి ఆ మాట ముందు ఎక్కలేదు. "ఏ పిల్లకి?"

"సామర్లకోటలో ఈరదుర్గని ఉందండి. పంతొమ్మిదేళ్ళు. మావోడి రెండో కిడ్నీ ఆ పిల్లకేగా పెట్టింది. నేను రెండిళ్ళలో ఉండలేను కదా, తీగ ఎండబెట్టి దంచి, పొడి చేసి ఆళ్ళమ్మకి నెలనెలా బస్సులో అంపుతన్నాను. నిన్న ఫోన్ చేసింది పాపం, పిల్లకి మొకం ఉబ్బింది, ఏం చెయ్యనని ఏడుత్తూ." తలుపులమ్మ లేచి, చీర దులుపుకుని, తడికళ్ళతోనే చిన్నగా నవ్వింది. "పొద్దున్నే డ్రైవరు చేతికి పెద్ద పొట్లం ఇచ్చొచ్చాను. రెండు చెంచాలు కాదు, ఇయాల్టినుంచి నాలుగు చెయ్యమన్నాను. ఈపాటికి అందే ఉంటదండి."